చెమట కనబడని కొండలు

సింహాచలం గిరి ప్రదక్షిణ అయిన వారానికి బీచ్ రోడ్డులో ఉదయం నడిచేవాళ్ళ మధ్య ఏటా వినబడే మాటే ఈసారీ వినబడింది. పాతికేళ్ళ కుర్రాళ్ళు నలుగురు, సెప్టెంబరులో లడఖ్ వెళ్దామని లెక్కలేసుకుంటున్నారు. "32 కిలోమీటర్లు రాత్రికి రాత్రి తిరిగేశాం మావా, అదీ ఉత్తి కాళ్ళతో. మార్ఖా లోయలో రోజుకి 15 కూడా ఉండదంట. అందులో ఏముంది?" అన్నాడొకడు. "పైగా అక్కడ చలిరా, దాహం కూడా వెయ్యదు. లీటరు సీసా ఒకటి పెట్టుకుంటే సరిపోద్ది" అన్నాడు పక్కవాడు.

వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళకున్న ధీమాని నేను కాదనను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి చేరడం తేలిక కాదు. కానీ ఆ దారిలో మనం లెక్కలోకే తీసుకోనిది ఒకటుంది. అడుగడుక్కీ చలివేంద్రం. మజ్జిగ ప్యాకెట్టు, నీళ్ళ గ్లాసు, పులిహోర పొట్లం అడక్కుండానే చేతిలోకి వస్తాయి. 32 కిలోమీటర్లలో ఒక్కసారైనా "మళ్ళీ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?" అనే ఆలోచన రాదు. ఆ పందిళ్ళన్నీ ఎత్తేసి అదే దూరం నడవమంటే ఎంతమంది పూర్తి చేస్తారు?

ఎడారి కొండల్లో నడకకి పథకం వేసుకునేటప్పుడు ముందు నీళ్ళ లెక్క చూసుకోవాలని, కిలోమీటర్ల సంగతి ఆ తర్వాతేనని నా నమ్మకం. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ ఆగాలి, సంచిలో ఎంత బరువు పెట్టాలి, గుడారం ఎక్కడ వెయ్యకూడదు, ఏ శిఖరం జోలికి పోకూడదు, ఇవన్నీ నీళ్ళే తేలుస్తాయి. సముద్రం పక్కన పెరిగినవాళ్ళకి ఈ సంగతి ఆలస్యంగా తలకెక్కుతుంది. అందుకు కారణం మన చెమట.

ఆరిపోయే చెమట

లేహ్ పట్నంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. విశాఖలో ఒక గట్టి వాయుగుండానికి ఒకటి రెండు రోజుల్లో పడిపోయే వాన అది. నైరుతి మేఘాల్ని హిమాలయాలు ఇవతలే ఆపేస్తాయి. అవతలికి దాటేది పొడిగాలే. ఫొటోల్లో మంచు చూసి మనం లడఖ్‌ని చలి ప్రదేశమనుకుంటాం. చలి మాట నిజమే గానీ, అది మొదట ఎడారి.

మే నెలలో పొద్దున్న ఏడింటికి కైలాసగిరి మెట్లెక్కితే చొక్కా పిండుకోవచ్చు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, ధారగా కారుతుంది. కారిపోయే చెమట ఒంటిని చల్లబరిచేది తక్కువే. కానీ ఒంట్లోంచి నీళ్ళు పోతున్నాయని కళ్ళకి చూపిస్తుంది. చొక్కా తడిసిందని సీసా ఎత్తుతాం. చిన్నప్పటి నుంచి మన దాహం లెక్క ఆ తడికే అలవాటు పడిపోయింది.

మార్ఖా లోయలో చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. ఆరు గంటలు నడిచినా చొక్కా పొడిగానే ఉంటుంది. మధ్యాహ్నానికి నల్ల చొక్కా వీపు మీద, సంచి పట్టీలు ఒరుసుకున్న చోట, వంకర టింకర తెల్ల చారలు తేలతాయి. నౌపడ ఉప్పుమడుల గట్ల మీద ఎండిన పొరలా ఉంటాయవి. గోటితో గీకితే పొడి రాలుతుంది. పోయిన నీళ్ళకి మిగిలే ఆనవాలు అదొక్కటే, అదీ పోయాక కనబడుతుంది.

చెమట ఒక్కటే కాదు. పైకి వెళ్ళినకొద్దీ ఊపిరి వేగం పెరుగుతుంది. లోపలికి పీల్చే గాలి ఎముకలా పొడిగా ఉంటుంది, బయటికి వదిలేది తడి గాలి. అలా ఊపిరితోనే రోజంతా నీళ్ళు పోతాయి. ముక్కులో చెక్కులు కట్టి, చీదితే నెత్తుటి చార పడటం అందుకే. కొత్త ఎత్తుకి చేరిన మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువ పోవడం కూడా మామూలే. ఇవన్నీ జరుగుతున్నా చలిలో దాహం మందగిస్తుంది. బీచ్ రోడ్డు కుర్రాడు "దాహం వెయ్యదు" అన్నది అక్షరాలా నిజం. దాహం వెయ్యదు కాబట్టే లీటరు సీసా చాలదు.

"మనం ఎండకి పుట్టినవాళ్ళం, మనకేం కాదు" అనేది ఇంకో మాట. ఎండకి అలవాటుపడిన ఒళ్ళు తొందరగా చెమట పట్టిస్తుంది, ఎక్కువగా పట్టిస్తుంది. అలవాటు అంటే అదే. ఆ చెమటలో ఉప్పు కాస్త తక్కువ పోతుంది, అదొక మేలు. నీటి విషయంలో మాత్రం విశాఖ ఒంటికి మినహాయింపేమీ లేదు. ఎండ సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు పది శాతం పైగా పెరుగుతాయి. గాలి చల్లగా తగులుతున్నప్పుడే మెడ వెనక చర్మం కమిలిపోతుంది.

ఎత్తు కదా అసలు ప్రమాదం?

ఈ మాట తెలిసినవాళ్ళే అంటారు, దీన్ని దాటవేయకూడదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన తీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు. మార్ఖా దారిలో ఆఖరున దాటే కోంగ్‌మరు లా కనుమ దాదాపు 5,200 మీటర్లు. అక్కడ సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. విశాఖ నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో వెళ్ళేవాడు సముద్ర మట్టం నుంచి ఒక్క పూటలో లేహ్‌లో దిగుతాడు. నీళ్ళు ఎన్ని తాగినా ఆ దెబ్బ తగ్గదు. "బాగా నీళ్ళు తాగితే ఎత్తు జబ్బు రాదు" అని చాలామంది చెప్తుంటారు, అది తప్పు. ఒళ్ళు ఎత్తుకి సర్దుకోవడానికి కావలసింది రోజులు.

లేహ్‌లో దిగాక రెండు పూర్తి రోజులు ఏ కొండా ఎక్కకుండా ఉండాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున ఇంకో రాత్రి ఉండాలి. మనాలి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు సర్చూలో రాత్రి ఆగుతారు. అది 4,200 మీటర్లు పైనే, లేహ్ కంటే ఎత్తు. వాంతులతో ఆ రాత్రి గడిపేవాళ్ళు తక్కువేం కాదు. రోడ్డు మీదే వెళ్ళాలనుకుంటే శ్రీనగర్, కార్గిల్ దారి మెల్లగా పైకి తీసుకెళ్తుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఎక్కడానికి ముందు రోజు నుంచి మొదలు పెడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం ఆ మాత్ర వల్లే. అంటే మళ్ళీ నీళ్ళ లెక్కలోకే వచ్చాం.

ఎత్తు, నీళ్ళు రెండూ కలిసేది తలనొప్పి దగ్గర. నీళ్ళు తగ్గినా తలనొప్పి, నీరసం, వికారం. ఎత్తు పడకపోయినా అవే. రోజుకొక లీటరు తాగి నడిచేవాడికి సాయంత్రం తల పగిలిపోతుంటే అది ఏ తలనొప్పో వాడికీ తెలియదు, వెంట ఉన్నవాడికీ తెలియదు. సరిగ్గా తాగినవాడి విషయంలో ఆ సందేహం సగం తీరిపోతుంది. తలనొప్పి మొదలవగానే ఉప్పు, చక్కెర కలిసిన నీళ్ళు అర లీటరు నుంచి లీటరు దాకా నెమ్మదిగా తాగి, గంట సేపు కదలకుండా కూర్చోవాలి. తగ్గిపోతే దాహమే. తగ్గకపోతే ఎత్తు జబ్బు కిందే లెక్కగట్టి ఒక్క అడుగు కూడా పైకి వెయ్యకూడదు. గీత మీద మడమకి వేళ్ళు ఆనించి నడవమంటే తూలినా, కూర్చున్న చోటే ఆయాసం వస్తున్నా గంటలు చూడకూడదు, వెంటనే కిందికి దించాలి, అర్ధరాత్రైనా సరే. ఎత్తే ప్రమాదమని ఒప్పుకుంటూనే నేను నీళ్ళ గురించి ఇంత చెప్పడం ఇందుకే. ఆ ప్రమాదం వచ్చినప్పుడు గుర్తుపట్టాలంటే నీళ్ళ కొరత మధ్యలో అడ్డం ఉండకూడదు.

నాలుగు లీటర్లు, కాస్త ఉప్పు

నడిచే రోజున ఒక మనిషికి తాగడానికే నాలుగు లీటర్లు అనుకోవాలి. లేవగానే అర లీటరు గోరువెచ్చగా. టిఫిన్‌తో టీ, సూపు కలిపి ఇంకో అర లీటరు. నడకలో రెండు లీటర్లు, గుక్కెడు గుక్కెడుగా, గంటకి మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు. గుడారం చేరాక ఒక లీటరు. ఒక్కసారిగా గటగటా తాగితే ఒంటికి పట్టదు, రాళ్ళ చాటుకి పరుగు తప్ప.

లీటరు అంటే కిలో. నాలుగు కిలోలూ పొద్దున్నే వీపునెత్తుకోనక్కర్లేదు. స్కియు నుంచి మార్ఖా ఊరి దాకా నది పక్కనే ఉంటుంది, ఊళ్ళూ వేసవిలో టీ గుడారాలూ తగులుతాయి. అక్కడ రెండు లీటర్లు మోస్తే చాలు, దారిలో నింపుకోవచ్చు. మార్ఖా దాటి హంకర్, థచుంగ్‌ట్సే మీదుగా కనుమ కింది మకాం నిమాలింగ్ చేరేటప్పుడు రెండున్నర. కనుమ దాటే రోజు మూడు. ఏ రోజు ఎక్కడ నింపుకుంటామో ముందు రాత్రి గైడుతోనో ఇంటివాళ్ళతోనో కూర్చుని తేల్చుకోవాలి. పటంలో నీలం గీత ఉన్నంత మాత్రాన అందులో నీళ్ళు ఉండాలని లేదు.

సరిపడా తాగుతున్నామా లేదా అని చూసుకోవడానికి మూత్రం రంగు మంచి గుర్తు. లేత పసుపు ఉండాలి. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మాత్రం ఈ గుర్తు పనికిరాదు, ఎన్ని నీళ్ళు తాగినా పచ్చగానే వస్తుంది.

ఎక్కువ తాగడమూ ప్రమాదమే అనే అభ్యంతరం సబబైనదే. ఉప్పు లేని వట్టి నీళ్ళు గంటకో లీటరు చొప్పున పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడూ తలనొప్పి, వికారం, మతి తప్పడమే కనబడతాయి. అందుకే రోజులో ఒక లీటరు ఓ.ఆర్.ఎస్. ఉండాలి. 20.5 గ్రాముల ప్యాకెట్టు ఒక పూర్తి లీటరుకి. చిన్న సీసాలో మొత్తం పొడి పోసి చిక్కగా తాగడం చాలామంది చేసే తప్పు, దాంతో కడుపు చెడుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు కొసరు లేకుండా గీటుగా కొలవాలి.

లడఖీ ఇళ్ళల్లో చేతికిచ్చే వెన్న టీ, గుర్‌గుర్ చాయ్, మనవాళ్ళు ఒక గుక్క తాగి "టీలో ఉప్పేంటి?" అని పక్కన పెట్టేస్తారు. మన ఇళ్ళల్లో ఎండన పడి వచ్చినవాడికి ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వడం ఎందుకో, అక్కడ టీలో ఉప్పూ వెన్నా అందుకే. నీళ్ళు, ఉప్పు, కాస్త కొవ్వు ఒకే కప్పులో. దాన్ని టీ అనుకోకుండా పలచటి చారులాగా తాగితే గొంతు దిగుతుంది. ఆ మాటకొస్తే చారుపొడి ఒక పావుకిలో పట్టుకెళ్ళడం విశాఖ మనిషి చెయ్యగల మంచి పని. రాత్రి వేడి చారు రెండు గ్లాసులు తాగితే నీళ్ళూ ఉప్పూ తెలియకుండా లోపలికి పోతాయి. కందిపొడి మాత్రం ఎండిన నోట్లో ముద్ద దిగనివ్వదు. పప్పు సంగతి మరిచిపోండి. నిమాలింగ్ దగ్గర, 4,800 మీటర్ల ఎత్తున, నీళ్ళు 84 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు గంటలు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, ఇంధనం అయిపోతుంది. అటుకులు, ఉప్మా రవ్వ నయం.

గ్లాసు అడుగున

మార్ఖా నది నీళ్ళు స్టీలు గ్లాసులో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి పైన తేటగా, అడుగున పిండిలాంటి బూడిదరంగు ఒండ్రు పేరుకుంటుంది. హిమానీనదాలు రాళ్ళని అరగదీసిన పొడి అది. వేళ్ళ మధ్య రుద్దితే పౌడరులా జారుతుంది. ఈ ఒండ్రే వడపోత పరికరాలన్నిటికీ శత్రువు. సన్నటి గొట్టాల ఫిల్టరు ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుపోతుంది. అతినీలలోహిత దీపం మురికి నీటిలో పని చెయ్యదు, కిరణం ఒండ్రు చాటున ఉన్న క్రిమి దాకా చేరదు. కాబట్టి ముందు తేర్చాలి. పటిక ముక్క నీళ్ళలో నాలుగైదు చుట్లు తిప్పి వదిలేస్తే గంటలో తేరుతుంది. మన పల్లెల్లో కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు, ఆ గింజలు దొరికితే అవి ఇంకా తేలిక, ఇంకా మంచివి.

తేర్చిన నీళ్ళు తాగే నీళ్ళు కావు. నిమాలింగ్ వేసవి మేత బీడు, గొర్రెలు, యాక్‌లు పైనంతా తిరుగుతుంటాయి. అద్దంలా మెరిసే పిల్లకాలవలో కూడా వాటి పేడ కలుస్తుంది. తెర్లే మరుగు మూడు నిమిషాలు ఉండాలి. 2,000 మీటర్లు దాటాక ఒక నిమిషం చాలదు, ఎందుకంటే మరిగే వేడే తగ్గిపోయింది. క్లోరిన్ మాత్ర చల్లటి నీళ్ళలో నెమ్మదిగా పని చేస్తుంది. సీసా మీద అరగంట అని ఉంటే రెట్టింపు ఆగాలి. గొట్టాల ఫిల్టరు ఒక్క రాత్రి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ తెలియదు, నీళ్ళు మునుపటిలాగే వస్తాయి, వడపోత మాత్రం ఉండదు. అందుకే దాన్ని రాత్రి నిద్ర సంచిలో ఒంటి పక్కన పెట్టుకోవాలి.

గొట్టంతో చప్పరించే నీటి సంచులు విశాఖ దుకాణాల్లో బాగా అమ్ముడుపోతున్నాయి. కింది లోయలో అవి సుఖమే. నిమాలింగ్ పైన పొద్దున్నే గొట్టంలో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి, సంచిలో రెండు లీటర్లు ఉన్నా నోట్లోకి చుక్క రాదు. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి ఊది నీళ్ళు వెనక్కి పంపాలి, లేదా వెడల్పు మూతి సీసాలు వాడాలి. సీసాని తలకిందులుగా పెట్టుకోవడం ఇంకా మంచిది. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి.

గెడ్డ దాటే వేళ

మన గెడ్డలు వాన పడితే పొంగుతాయి. అక్కడి గెడ్డలు ఎండ కాస్తే పొంగుతాయి. ఈ ఒక్క తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ. పొద్దున మోకాలి కింద ఉన్న ప్రవాహం సాయంత్రానికి తొడల దాకా వస్తుంది. పైన మంచు కరగడం పదింటికి మొదలైనా ఆ నీళ్ళు కిందికి చేరడానికి గంటలు పడుతుంది. కాబట్టి ఉధృతి మధ్యాహ్నం నుంచి పొద్దుపోయేదాకా ఉంటుంది. హిమానీనదానికి దూరంగా ఉన్నకొద్దీ ఆలస్యంగా వస్తుంది. దాటాల్సింది ఉంటే పొద్దున ఆరు, తొమ్మిది మధ్యనే దాటాలి. "టిఫిన్ చేసి నింపాదిగా బయల్దేరదాం" అనే మాట ఆ రోజు మాత్రం వద్దు. మధ్యాహ్నం చేరి పొంగు చూస్తే ఆ ఒడ్డునే గుడారం వేసుకుని తెల్లారి దాటాలి. మార్ఖా దారిలో ఇప్పుడు చాలా చోట్ల వంతెనలున్నాయి, చిల్లింగ్ దాటి పైకి రోడ్డు కూడా పాకుతోంది. అయినా వరదకి కొట్టుకుపోయిన వంతెన మీకు ముందుగా కబురు పెట్టదు.

దాటేటప్పుడు సంచి నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పెయ్యాలి, పడితే సంచిని వదిలించుకోవడానికి. ముఖం ఎగువకి తిప్పి, కర్ర ముందు ఆనించి, ఒక్కో కాలు ఏటవాలుగా వెయ్యాలి. చెప్పులు కట్టుకునే రకమై ఉండాలి. వట్టి కాళ్ళతో దిగితే చల్లదనానికి రెండు నిమిషాల్లో పాదాలు మొద్దుబారి రాయి తగిలినా తెలియదు. ముగ్గురు భుజాలు పట్టుకుని దాటడం ఒంటరిగా దాటడం కంటే చాలా నయం. నీళ్ళు మోకాలు దాటి వేగంగా ఉంటే వెనక్కి రావడమే.

ఎండిన వాగు ఇసుక మెత్తగా, చదునుగా, గాలి తగలకుండా ఉంటుంది. గుడారానికి అంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. అక్కడ వెయ్యకండి. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ చుట్టుపక్కల కురిసిన కుండపోతకి 200 మందికి పైగా చనిపోయారు. చంపింది నీళ్ళ కంటే ఎక్కువగా బురద, రాళ్ళు. చెట్టూ గడ్డీ లేని వాలు మట్టిని పట్టి ఉంచేది ఏదీ లేదు. వాన కురిసింది పై కొండలో అయినా, మీ నెత్తిన చుక్క పడకపోయినా, వాగు నిండుగా దిగుతుంది. వాగు గట్టు కంటే కనీసం ఒక మనిషి ఎత్తు పైన ఉండండి. రాత్రి ప్రవాహం చప్పుడు ఉన్నట్టుండి మారితే, ఒకవేళ పూర్తిగా ఆగిపోతే మరీ, వెంటనే పైకి కదలాలి. ఎగువన ఎక్కడో అడ్డు పడిందని అర్థం.

ఆ నీళ్ళు ఎవరివి

నీళ్ళ లెక్క మన ఒంటితో అయిపోదు. లడఖ్ ఊళ్ళో బార్లీ, బఠాణీ పండేది కొండ మీద నుంచి దిగే ఒక్క కాలవతో. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే మనిషిని చుర్పోన్ అంటారు, ఊరంతా అతని మాట వింటుంది. విత్తనాలు వేసే ఏప్రిల్, మే నెలల్లో హిమానీనదం ఇంకా కరగదు, కాలవలో చుక్క ఉండదు. ఆ రెండు నెలల కోసమే చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు శీతాకాలపు నీటిని ఊరికి దగ్గరగా, నీడ పట్టున మంచుగా నిలబెట్టే పద్ధతి కనిపెట్టారు. 2015లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత వచ్చిన మంచు స్తూపాలది, అంటే నీటిని గోపురంలా గడ్డకట్టించి నిలబెట్టేవాటిది, కూడా ఇదే అవసరం. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న కాలవలో మనం షాంపూ పెట్టి తలంటుకుంటే అది కింది ఇంటి తాగునీళ్ళలో కలుస్తుంది.

6,153 మీటర్ల స్టోక్ కాంగ్రీ శిఖరాన్ని 2020 నుంచి మూసేసినప్పుడు మన దగ్గర కూడా చాలామంది నొచ్చుకున్నారు. ప్రత్యేక శిక్షణ లేకుండా ఆరు వేల మీటర్లు దాటానని చెప్పుకోవడానికి అదొక్కటే తేలిక దారి అనేవారు. వాళ్ళ నిరాశ నాకు అర్థమవుతుంది. కానీ ఏటా వేల మంది మకాం వేసిన ఆ లోయలోంచి దిగే నీళ్ళే స్టోక్ ఊరు తాగుతుంది. మన ముడసర్లోవ చెరువు గట్టున వేసవంతా జనం గుడారాలేసుకుని అక్కడే అన్నీ కానిస్తే మనం ఊరుకుంటామా? మూసెయ్యడం న్యాయమనే నేను అనుకుంటున్నాను.

మరుగుదొడ్డి సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. ఊళ్ళలో ఉండేవి పొడి దొడ్లు. గదిలో నేలకి కన్నం, మూలన మట్టి కుప్ప, పార. పని అయ్యాక రెండు పారల మట్టి వెయ్యాలి. ఏడాదికి అది పొలానికి ఎరువవుతుంది. చెంబెడు నీళ్ళు అందులో పోస్తే కుళ్ళి కంపు కొడుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది, ఎరువు పాడవుతుంది. కడుక్కోనిదే మనకి తృప్తి ఉండదు. అలాంటప్పుడు ముందు కాగితం వాడి, మట్టి వేసి, చిన్న మగ్గుతో బయటికి వచ్చి, కాలవకి కనీసం 60 మీటర్ల దూరంలో కడుక్కోవాలి. తడి తుడుపు గుడ్డలు కన్నంలో వెయ్యకూడదు, అవి మట్టిలో కలవవు. సంచిలో వెనక్కి తెచ్చుకోవాలి.

విశాఖలో చెయ్యగల సాధన

ఎత్తుకి ఇక్కడ సాధన చెయ్యలేం. అరకు వెయ్యి మీటర్ల లోపే, అక్కడ వారం ఉన్నా లేహ్‌కి పనికిరాదు. నీళ్ళకి మాత్రం ఇక్కడే సాధన చెయ్యొచ్చు. ఆదివారం పొద్దున్నే ఒళ్ళు తుడుచుకుని, తక్కువ బట్టలతో తూకం చూసుకోండి. సంచిలో ఎనిమిది లీటర్ల నీళ్ళు పెట్టుకుని కైలాసగిరి మెట్లు రెండు సార్లు ఎక్కి దిగండి. కిందికి దిగేటప్పుడు ఆ బరువు మోకాళ్ళకి మంచిది కాదు, కాబట్టి తాగడానికి ఉంచుకున్నది తప్ప మిగిలింది పైన మొక్కలకి పోసెయ్యండి, కింద మళ్ళీ నింపుకోండి. ఇంటికొచ్చి చెమట తుడుచుకుని మళ్ళీ తూకం. తగ్గిన ప్రతి కిలోకి ఒక లీటరు, దానికి మధ్యలో తాగింది కలిపితే మీ ఒంట్లోంచి పోయినదెంతో తెలుస్తుంది. గంటకి లీటరు పోయిందంటే ఆశ్చర్యపోకండి. నాలుగు వారాలు రాసుకుంటే తడి చొక్కా చూడకుండా గడియారం చూసి తాగడం అలవాటవుతుంది. దారిలో కొబ్బరిబొండం, సోడా బండి దగ్గర ఆగకూడదు. నిజానికి కష్టమైన భాగం అదే.

"ఇవన్నీ ఏజెన్సీవాళ్ళు చూసుకుంటారు కదా" అంటారు. మంచివాళ్ళు చూసుకుంటారు. డబ్బు కట్టేముందు ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి. రోజుకి మనిషికి ఎన్ని లీటర్ల మరిగించిన నీళ్ళు ఇస్తారు? మరిగించడానికి వంటకి కాకుండా విడిగా ఇంధనం ఉందా? నిమాలింగ్ రోజున మధ్యాహ్నం నీళ్ళు ఎక్కడివి? "అక్కడ కాలవుంది సార్, ఏం ఫరవాలేదు" అనే జవాబు వస్తే ఇంకొకరిని వెతుక్కోండి. స్టవ్ గ్యాసు డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, లేహ్‌లోనే కొనాలి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పని చెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లోయ లోపల అదీ నమ్ముకోవడానికి లేదు కాబట్టి ఎవరు ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లో కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక కనుమ దాటే రోజు. నిమాలింగ్‌లో ఆగస్టులో కూడా రాత్రి నీళ్ళు గడ్డకట్టవచ్చు, కాబట్టి మూడు లీటర్లూ ముందు సాయంత్రమే మరిగించి సీసాల్లో పోసుకోవాలి. ఒకటి వేడివేడిగా మేజోడులో దూర్చి నిద్ర సంచిలో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే రాత్రి వెచ్చదనం, పొద్దున తాగడానికి నీళ్ళు. అయిదింటికి లేచి, అర లీటరు తాగి, ఆరు దాటకుండా కదలాలి. పైకి నాలుగు వందల మీటర్ల ఎక్కుడు, అవతలికి వెయ్యి మీటర్లు పైన దిగుడు. దిగుడే ఎక్కువ సేపు పడుతుంది, చాలామంది ఎక్కేటప్పుడే నీళ్ళన్నీ తాగేస్తారు. నమ్మదగ్గ నీళ్ళు అవతల కింది దాకా లేవనుకునే బయల్దేరాలి. కనుమ మీద ప్రార్థనా పతాకాల దగ్గర ఫొటోలు దిగాక సీసాలు ఒకసారి బయటికి తీసి వెలుతురుకి ఎత్తి చూసుకోండి. ఆ సమయానికి ఒకటిన్నర లీటరు మిగిలి ఉండాలి.